తోటివాడి బొమ్మ, మన గోడ

మన ఊళ్లలో గోడల మీద మొహాలకు కొదవలేదు. నాయకులుంటారు, హీరోలుంటారు, సందు మలుపుల్లో టైల్స్ మీద దేవుళ్లుంటారు. వాటిని గీసినవాడి మొహం మాత్రం ఏ గోడ మీదా కనబడదు. ఇది ఇవాళ్టి సంగతి కాదు. లేపాక్షి వీరభద్రాలయం కప్పు మీద విరూపణ్ణ, వీరణ్ణ సోదరులు పరివారంతో సహా కొలువుదీరి ఉన్నారు. మెడలు విరుచుకుని వాళ్లను చిత్రించినవాళ్లకు అక్కడ జానెడు చోటు దక్కలేదు. పోషకుడికి గోడ, పనివాడికి కూలి. లెక్క అలా సరిపోయింది.

ఆ లెక్కను కొంచెం తిరగరాద్దాం. ఈ అధ్యాయంలో మీకు నేనిచ్చే పని ఇది: మీ రంగంలోనే ఉన్న, పైకి అనకపోయినా మనసులో గట్టివాడని ఒప్పుకున్న ఒక కళాకారుడి మొహాన్ని గోడంత చేసి వెయ్యండి. ఒక్కరివల్ల కాకపోతే నలుగురు కలిసి వెయ్యండి. బొమ్మలు రాని పాఠకులు గోడ ఉన్నచోట తమ పనిని పెట్టుకుని చదువుకోవచ్చు. వంటవాళ్లకూ, వకీళ్లకూ కూడా తోటివాళ్లుంటారు.

ఎవర్ని ఎంచుకోవాలంటే చాలామంది వెంటనే బాపుగారి పేరు చెబుతారు. తప్పులేదు. కానీ లోకమంతా మెచ్చిన పేరెత్తడానికి ధైర్యం అక్కర్లేదు. మీ ఊళ్లోనే, మీకు రావాల్సిన పని తన్నుకుపోయిన మనిషి ఒకడుంటాడు. అతను వేసిన గీత చూసినప్పుడు లోపల ఎక్కడో చురుక్కుమంటుంది. ఆ చురుకే గుర్తు. కళకు సంబంధించినంతవరకు అసూయంత నిజాయితీ గల విమర్శకుడు ఇంకొకడు లేడు. చెత్త బొమ్మను చూసి ఎవరికీ కడుపు మండదు కదా!

ఈ పని చేసినవాళ్లలో నా లెక్కలో అందరికంటే పెద్దవాడు రఫేల్. 1508 చివర్లో పోప్ రెండో జూలియస్ దగ్గర పనికి కుదిరేనాటికి అతనికి పాతికేళ్లు. వాటికన్‌లో పోప్ గదుల గోడలు అతనికి అప్పగించారు. అక్కడికి నాలుగడుగుల దూరంలో, సిస్టీన్ చాపెల్‌లో, మైకెలాంజిలో పరంజా కట్టుకుని కప్పు మీద బొమ్మలు వేస్తున్నాడు. వయసులో ఎనిమిదేళ్లు పెద్ద. ఎవరితోనూ ఓ పట్టాన పొసగని మనిషి. యజమాని ఒకడే, పేరు మోసిన చేతులు రెండు. ఇటువంటిచోట అగ్గి రాజెయ్యడానికి వేరే శత్రువులు అక్కర్లేదు.

రఫేల్ ఆ గదిలో ఏథెన్స్ విద్వత్సభను వేశాడు. ప్లేటో, అరిస్టాటిల్ మొదలుకుని గ్రీకు పండితులందరూ ఒక పెద్ద మంటపం కింద చేరిన చిత్రం. దానికోసం ముందుగా కాగితం మీద గోడ కొలతలకు గీసుకున్న నమూనా ఇప్పటికీ మిలాన్‌లో, అంబ్రోసియానా సంగ్రహంలో ఉంది. నమూనానూ గోడనూ పోల్చి చూస్తే ఒక మనిషి తేడా వస్తాడు. గోడ మీద ముందు వరసలో, పాలరాతి దిమ్మకు మోచెయ్యి ఆనించి, పిడికిలి మీద తల వాల్చి, ఏదో రాస్తూ రాస్తూ ఆలోచనలో పడ్డ మనిషి ఒకడున్నాడు. నమూనాలో ఆ చోటు ఖాళీ. చిత్రం దాదాపు పూర్తయ్యాక రఫేల్ అక్కడి సున్నపు పూత చెక్కేసి, కొత్త పూత పెట్టి, తడి ఆరకముందే ఈ మనిషిని చేర్చాడు. 1511 ఆగస్టులో సిస్టీన్ కప్పు మొదటి సగం జనానికి చూపించారు. అది చూసిన తర్వాతే ఈ చేర్పు జరిగిందని పండితులు చెబుతారు.

పేరుకు ఆ మనిషి హెరాక్లిటస్. పోలిక మాత్రం మైకెలాంజిలోదని చాలామంది కళాచరిత్రకారుల మాట. నన్ను ఆపేది ఆ పోలిక కాదు, కాళ్లు. చుట్టూ ఉన్న పండితుల్లో చాలామంది వట్టి కాళ్లతోనో చెప్పులతోనో ఉంటే, ఇతని కాళ్లకు రాతిపనివాడు తొడుక్కునే బూట్లున్నాయి. ఒళ్లు చూడండి: రఫేల్ మామూలుగా గీసే నాజూకు ఒళ్లు కాదు. మోకాళ్లు, భుజాలు దిట్టంగా, బరువుగా, సిస్టీన్ కప్పు మీది ప్రవక్తల మాదిరిగా ఉన్నాయి. ఆ ఒక్క మనిషి దగ్గర రఫేల్ తన చేతివాటం పక్కన పెట్టి అవతలివాడి చేతివాటంతో గీశాడు. వృత్తిని బూట్లలో పెట్టాడు, విద్యను ఒంట్లో పెట్టాడు. తలచుట్టూ వెలుగు చక్రం లేదు, మెడలో దండ లేదు.

బదులుగా మైకెలాంజిలో ఏమిచ్చాడు? రఫేల్ 1520లో పోయాడు. అది జరిగి ఇరవయ్యేళ్లు దాటాక కూడా, 1542 నాటి ఒక ఉత్తరంలో, అతనికి వచ్చిన కళంతా తన దగ్గర్నుంచి తీసుకున్నదేనని రాశాడు పెద్దాయన. కృతజ్ఞత ఆశించి పరంజా ఎక్కేవాళ్లు ఆ ఉత్తరాన్ని తలుచుకోవడం మంచిది. నిజానికి అందులో అతిశయం ఉందిగాని పూర్తి అబద్ధం లేదు. రోమ్‌లో సాంట్ అగొస్టీనో చర్చి స్తంభం మీద రఫేల్ వేసిన యెషయా ప్రవక్తను చూస్తే సిస్టీన్ బరువు అతని చేతికి ఎంతగా అంటిందో తెలుస్తుంది. ఒకణ్ణి గోడ మీద నిలబెట్టాలంటే వాడి పనిని దగ్గరగా చూడాలి. దగ్గరగా చూసినవాడికి ఎంతో కొంత విద్య అంటకుండా ఉండదు. ఈ పనిలో మీకు గిట్టుబాటయ్యేది అదే, తక్కినదంతా అవతలివాడికి.

మెక్సికోలో డియేగో రివేరా దీన్ని ఇంకో అడుగు ముందుకు తీసుకెళ్లాడు. హోసే గ్వదలూపే పోసాదా అనే అచ్చుబొమ్మల కళాకారుడు పత్రికలకూ కరపత్రాలకూ వేల బొమ్మలు చెక్కి, 1913లో పేదరికంలోనే పోయాడు. పెద్ద పూలటోపీ పెట్టుకున్న అస్థిపంజరపు దొరసాని తల అతని సృష్టే. 1947లో రివేరా మెక్సికో నగరంలోని ఒక హోటల్ గోడ మీద, అలమేదా పార్కులో ఆదివారం మధ్యాహ్నం తిరిగే జనాన్ని వేసినప్పుడు, సరిగ్గా నడిమధ్యలో ఆ దొరసానిని నిలబెట్టాడు. పోసాదా తలవరకే చెక్కాడు. రివేరా ఆమెకు ఒళ్లిచ్చాడు, నేలమీద జీరాడే గౌను తొడిగాడు. ఆమె చెయ్యి పట్టుకుని ఒక పక్క నల్లకోటు వేసుకున్న పోసాదా, ఇంకో పక్క పిల్లవాడి రూపంలో రివేరా. తనను తాను పిల్లవాడిగా వేసుకోవడం గమనించండి. పెద్దవాడి పక్కన ఎంత ఎత్తులో నిలబడాలో రివేరాకు తెలుసు. గోడ మీద చోటు చాలా ఉంది, అయినా భుజం భుజం కలపలేదు. మనవాళ్లు నివాళి బొమ్మ వేసి, కింద తమ ఫొటో, ఫోన్ నంబరు, ఇద్దరు దాతల మొహాలు పెట్టే పద్ధతి మీకు నేను చెప్పనక్కర్లేదు.

ఇక్కడ ఒక మాట. మన దగ్గర మనిషి పోతేగాని బొమ్మ పడదు. నన్నడిగితే బతికున్నవాణ్ణే వెయ్యండి. వచ్చి ముక్కు సరిగా లేదని గొడవపడే అవకాశం అతనికి ఉండాలి. అతను మీ ఎదురుగా కూర్చుంటే ఫొటోలకు అందని సంగతులు దొరుకుతాయి కూడా.

పోయినవాడి బొమ్మే అయితే, పెన్సిలు ముట్టుకోకముందు వాళ్లింటికి వెళ్లండి. అనుమతి కోసమే కాదు, సమాచారం కోసం. సైన్‌బోర్డులు రాసిన ఒక పెద్ద చేతి గురించి వాళ్లావిడను అడిగితే ఇలా నడిచింది సంభాషణ.

“వదినా, అన్నయ్య పని చేసేటప్పుడు ఎలా కూచునేవాడు?”

“కూచోవడం ఎక్కడ బాబూ, నిలబడే. అడుగు వరస రాయాలంటే గొంతుకూచునేవారు. బ్రష్ నోట్లో పెట్టుకోవద్దని ఎన్నిసార్లు మొత్తుకున్నా వినేవారు కారు.”

ఫొటోల సంచి మొత్తం తిరగేసినా దొరకనిది ఆ ఒక్క మాటలో దొరికింది. పళ్ల మధ్య అడ్డంగా సన్న బ్రష్, కుడిచేతిలో ఇంకోటి. నోట్లో బ్రష్ ఉన్నప్పుడు పెదవి చివర కిందికి లాగుతుంది, దవడ కండ బిగుస్తుంది, కళ్లు కొద్దిగా చిన్నవవుతాయి. రాసే చేతికి దన్నుగా చిటికెన వేలు గోడకు ఆనుతుంది. ఆ వేలి గోరు అంచున ఎర్ర ఎనామిల్ ఎప్పుడూ పూర్తిగా వదలదు. పాస్‌పోర్ట్ ఫొటోలో ఉన్నది ఆధార్ కార్డు మనిషి. వీధి గుర్తుపట్టేది ఈ మనిషిని.

కాబట్టి ప్రశ్నలు పనిచుట్టూ తిరగాలి. ఏ చేతివాటం? కళ్లజోడు ముక్కు మీదా, నుదుటి మీదా? చొక్కా గుండీలు ఎన్ని పెట్టుకునేవాడు? పని నచ్చినప్పుడు ఏం చేసేవాడు? అవార్డుల జాబితా చివర్న అడిగినా నష్టం లేదు.

తర్వాత అతని పని చూడండి. ఫోన్‌లో కాదు, అసలు వస్తువును. దామెర్ల రామారావు బొమ్మ వెయ్యాలనుకున్నవాళ్లు ముందు రాజమండ్రిలో ఆయన పేరిట ఉన్న గ్యాలరీకి వెళ్లి, ఆ తర్వాతే ఆయన ఫొటో వెతుక్కోవాలి. 1925లో, 28 ఏళ్లు నిండకుండానే మశూచికంతో పోయిన మనిషి ఆయన. మొహం కంటే ముందు ఆ గీత ఎక్కడ ఆగుతుందో, ఎక్కడ సాగుతుందో కంటికి ఎక్కాలి. మీరు వేసేది చేర్యాల నకాషీ కళాకారుణ్ణయితే ఆ పటాల ఎర్ర నేపథ్యం గోడకు వెనక రంగవుతుంది. శ్రీకాళహస్తి కలంకారీ చేతినయితే, ఇనుమూ బెల్లమూ ఊరబెట్టిన ఆ నల్లరంగు గోడకు పనికిరాదుగాని, వెదురు కలం గీతలో వచ్చే లావు సన్నాలు బ్రష్‌తో రప్పించవచ్చు. నిమ్మలకుంట తోలుబొమ్మల కళాకారుడయితే వెలుతురు దూరడానికి ఆయన తోలుకు పొడిచే చిల్లుల వరసలే చొక్కాకు అంచవుతాయి. ఆయన చేసిన బొమ్మను ఉన్నదున్నట్టుగా గోడకెక్కించడం మాత్రం వద్దు. అది నివాళి కాదు, నకలు. పైగా మన చట్టంలో కళాకృతి మీద హక్కు ఆ కళాకారుడి జీవితకాలం, ఆ తర్వాత 60 ఏళ్లు ఉంటుంది. ఫొటోకూ అదే లెక్క, తీసినవాడి జీవితకాలం, ఆ తర్వాత 60 ఏళ్లు. ఫొటో తీసినాయన్ను ఒక మాట అడగడానికి బద్ధకించకండి.

ఫొటో ఎంపికలో ఒకటే సూత్రం: వెలుతురు ఒక పక్కనుంచి పడాలి. ఫ్లాష్ ఫొటోలో మొహం చదునైపోతుంది, ముక్కుకు నీడ ఉండదు, గోడ మీద అది అప్పడంలా తేలుతుంది. కిటికీ పక్కన తీసింది మసగ్గా ఉన్నా సరే, అదే తీసుకోండి. దాన్ని నలుపు తెలుపు చేసి, కళ్లు సగం మూసి చూసి, బాగా వెలుగున్న చోటు నుంచి బాగా చీకటి చోటు దాకా ఐదారు మెట్లుగా విడగొట్టుకోండి. పోలిక కనుముక్కు తీరులో ఉంటుందనుకుంటాం. వీధి అవతలనుంచి చూసేవాడికి పోలిక తెలిసేది ఈ నీడల ఆకారంలోనే. ఎదురుగా నడిచొచ్చే స్నేహితుణ్ణి కళ్లు కనబడకముందే పోల్చుకుంటాం కదా.

గోడ సంగతి త్వరగా చెబుతాను, ఎందుకంటే తాపీ మేస్త్రీలు దీన్ని నాకంటే బాగా చెబుతారు. కొత్త ప్లాస్టరింగ్ అయితే కనీసం 28 రోజులు ఆగండి. సిమెంటులోని క్షారం పచ్చిగా ఉంటే రంగును తినేస్తుంది. పాత గోడయితే పెచ్చులు వైరు బ్రష్‌తో రాలగొట్టండి, నాచు ఉంటే బ్లీచింగ్ నీళ్లతో కడిగి బాగా ఆరనివ్వండి. చెమ్మ అనుమానం ఉంటే జానెడు పాలిథీన్ కవరు నాలుగువైపులా టేపు వేసి గోడకు అంటించి ఒక రోజు ఉంచండి. లోపల నీటిబొట్లు పడితే ఆ గోడను మరమ్మతు చేయించండి, లేదా వదిలెయ్యండి. ఎంత మంచి రంగయినా ఉప్పు తేలే గోడ మీద నిలబడదు. లప్పం అవసరమైన చోటే, బయటి గోడకు పనికొచ్చేదే పెట్టాలి. ఆ పైన ప్రైమరు, ఆ పైన ఎక్స్‌టీరియర్ ఎమల్షన్. ఎండ నేరుగా కొట్టే గంటల్లో రంగెయ్యకండి. బ్రష్ గోడకు తగిలేలోపే ఆరిపోతుంది. ఎత్తు రెండు నిలువులు దాటితే నిచ్చెన వద్దు, పరంజా కట్టించండి, నడుముకు బెల్టు పెట్టుకోండి. నివాళి బొమ్మ వేస్తూ ఇంకో నివాళికి అవకాశం ఇవ్వకూడదు.

గోడకెక్కించడానికి ప్రొజెక్టరు ఉంటే సుఖమే. లేకపోతే గళ్ల పద్ధతికి మించింది లేదు. ఫొటో 10 అంగుళాల వెడల్పు, 15 అంగుళాల పొడుగు ఉందనుకోండి. దాని మీద అంగుళానికొక గీత, గోడ మీద అడుక్కొక దారం కొట్టుకుంటే 10 అడుగులు, 15 అడుగుల బొమ్మ వస్తుంది. ఇది పన్నెండు రెట్లు. అంటే ఫొటో మీద ఒక మిల్లీమీటరు జరిగిన కనుబొమ్మ గోడ మీద 12 మిల్లీమీటర్లు జరుగుతుంది. అందుకని కళ్లు, ముక్కు, నోరు ఉన్న గళ్లను మళ్లీ నాలుగేసి చేసుకోండి. చొక్కా, జుట్టు ఉన్నచోట ఆ శ్రమ అక్కర్లేదు. సందు ఇరుకై, చూసేవాడు తల పైకెత్తి చూడాల్సిన గోడయితే నుదురు నొక్కుకుపోయినట్టు, గడ్డం పెద్దదైనట్టు కనిపిస్తుంది. పై వరసల గళ్లను ఒక అంగుళం పొడుగు పెంచితే కింద నుంచి సరిగ్గా కుదురుతుంది.

పరంజా మీద ఉన్నప్పుడు మీకు మొహం కనిపించదు. పది అడుగుల మొహంలో ఒక్క కన్నే దాదాపు అడుగున్నర ఉంటుంది. మూరెడు దూరంలో అది వట్టి గోధుమరంగు మరక. ఆ మరకను నమ్మకండి, దిద్దకండి. దిగండి, రోడ్డు దాటండి, చూడండి, మళ్లీ ఎక్కండి. ఆ రోడ్డవతల టీ కొట్టు దగ్గర నిలబడ్డవాళ్లు ఉచితంగా సలహాలిస్తారు. “ముక్కు కాస్త లావుండేదండీ” అని ఒకాయన అంటే కాదనకండి, రెండోవాడు కూడా అదే అంటే మార్చండి.

రంగు దగ్గర మనవాళ్లలో ఒక జబ్బుంది. నల్లటి మనిషిని వెయ్యాల్సివచ్చినప్పుడు చెయ్యి దానంతటదే డబ్బాలో తెలుపు కలుపుతుంది. గౌరవమంటే తెల్లబరచడం అనుకుంటాం. ఎండలో నలభై ఏళ్లు పరంజాల మీద నిలబడిన మనిషిని గులాబీరంగు బుగ్గలతో వేస్తే వాళ్ల పిల్లలు మొహమాటానికి నవ్వి ఊరుకుంటారు, పోల్చుకోరు. నలుపు డబ్బా కూడా తెరవకండి. అది మొహాన్ని మసి చేస్తుంది. రెడ్ ఆక్సైడ్, ఎల్లో ఆక్సైడ్, కొంచెం నీలం. ఈ మూడింటితో తెలుగునేల మీది ఒంటిరంగులన్నీ కలుస్తాయి. నీడల్లో నీలం పెంచండి, చెవి అంచునా ముక్కు కొననా ఎరుపు పెంచండి. నల్లటి చర్మం మీద వెలుగు పడేచోట అది తెల్లబడదు, ఆకాశపు రంగు పట్టుకుంటుంది. నుదుటి మీద పలచని నీలిబూడిద ఒక పూత వేసి చూస్తే మీకే తెలుస్తుంది. ఈ ఆక్సైడ్ రంగులతో ఇంకో లాభముంది, అవి ఎండకు తొందరగా వెలవవు. పడమటి గోడ మీద ముందుగా పోయేవి మెరిసే ఎరుపులు, గులాబీలు, ఊదాలు. వాటిని ఒంటికి వాడకుండా, మళ్లీ తేలిగ్గా వేసుకోగలిగే నేపథ్యానికి ఉంచుకోండి.

సగం బొమ్మ అయ్యేసరికి ఒక చిత్రం జరుగుతుంది. అప్పటిదాకా అతని పనిలో మీకు కనిపించిన లోపాలు, అంటే తొందర, ఒకే రకం చేతులు, అరువు తెచ్చుకున్న అక్షరాల వంపులు, ఒక్కొక్కటిగా వాటి కారణాలు చెప్పడం మొదలుపెడతాయి. రేపు ఉదయానికి బోర్డు ఇవ్వాల్సినవాడు ‘శ్రీ’ని మూడు విసుర్లలో ఎందుకు ముగించాడో, ఆ మూడు విసుర్లు గోడమీద మీరే వేసి చూస్తే తెలుస్తుంది. అతని కంటే మీరు ఎక్కడ మెరుగో కూడా అప్పుడే తెలుస్తుంది. దాన్ని ఆ గోడ మీద చూపించకండి. చూపించడానికి వేరే గోడలున్నాయి.

సంతకం మోకాలి ఎత్తులో, అరచెయ్యి మించకుండా. అతని పేరు రాయాల్సివస్తే అతను రాసే తీరు అక్షరాలతోనే రాయండి. ‘మహా’, ‘సమ్రాట్’, ‘చక్రవర్తి’ ఏదీ ముందు చేర్చకండి. ప్రారంభానికి రిబ్బనూ పరదా అక్కర్లేదు. ఇంటివాళ్లను పిలిచి, బజ్జీలు తెప్పించి, టీ కొట్టు బాకీ తీర్చితే చాలు.

చివరగా కాగితం పని. గోడలకు మనుషులకంటే ఆయుష్షు తక్కువని గోడబొమ్మలు వేసే ప్రతివాడికీ తెలుసు. ఎన్నికలొస్తే ఒక పార్టీవాడు సున్నం కొడతాడు, ఇల్లు చేతులు మారితే కొత్త యజమాని కొడతాడు. ఢిల్లీ విజ్ఞాన్ భవన్‌లో శిల్పి అమర్‌నాథ్ సెహగల్ చేసిన కంచు కుడ్యశిల్పాన్నే 1979లో ఊడదీసి గోదాములో పడేశారు. ఆయన కోర్టుకెక్కాడు. 2005లో ఢిల్లీ హైకోర్టు మిగిలిన భాగాలు ఆయనకు తిరిగివ్వమని, 5 లక్షల రూపాయల పరిహారం కట్టమని తీర్పు చెప్పింది. మనకు కోర్టుల దాకా వెళ్లే ఓపికా డబ్బూ ఉండవు గనక ముందే ఒక పేజీ రాసుకోవాలి. బొమ్మ ఎన్నేళ్లు ఉంటుంది, చెరిపే ముందు ఎన్నాళ్ల ముందు చెబుతారు, మరమ్మతు ఎవరు చేస్తారు. గోడ యజమాని సంతకం, మీ సంతకం, ఇంటివాళ్లలో ఒకరి సంతకం. గోడ మున్సిపాలిటీదైతే ఆఫీసులో ముద్ర వేయించిన అనుమతి కాపీ. పేజీ వెనక వాడిన రంగుల కంపెనీ, షేడ్ నంబర్లు, దేనిలో ఏది ఎంత కలిపారో రాయండి. మొదటి వానాకాలం దాటాక గడ్డం కింద పెచ్చు లేస్తుంది. అదే గోధుమరంగు మళ్లీ కలపాల్సింది మీరే కావచ్చు, మీరు ఊళ్లో లేనప్పుడు ఇంకెవరైనా కావచ్చు.